అసలు సినిమా ఎప్పుడు మొదలైతది సార్?

హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి చెప్పి పోయిన ఏడాది రిటైరయ్యాను. వీడ్కోలు సభలో నేను లేని లోటు ఎన్నటికీ తీరదని ముగ్గురు వక్తలు చెప్పారు. కాలేజీ తెరిచిన వారానికే ఒక గెస్ట్ లెక్చరర్‌తో అది తీరిపోయింది. ఆ కుర్రాడు నా దగ్గర చదివినవాడే. మొన్న ఫోన్ చేశాడు.

"సార్, మీరు ఆ ఊచకోతల పాఠానికి సినిమాలు చూపెట్టేటోళ్లు గద. నేను గూడ చూపెడ్దామనుకుంటాన. జర ఏమన్న చెప్పుండ్రి."

"వద్దు" అని చెప్పబోయి ఆగాను. ఒక్క మాటలో తేలేది కాదు. అందుకే రాస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు. చదవకపోయినా ఉద్యోగానికి ఢోకా లేదు.

కరెంటు, పరదాలు, మనోభావాలు

ఈ పాఠం చెప్పడానికి కావలసిన మొదటి అర్హత చరిత్రలో పీజీ కాదు, పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు. ప్రొజెక్టర్ ప్రిన్సిపాల్ గది బీరువాలో ఉంటుంది. బీరువా తాళం అటెండర్ దగ్గర ఉంటుంది. అటెండర్ పాలకుర్తి గుట్టకు మొక్కు తీర్చుకోవడానికి పోయి ఉంటాడు. కిటికీలకు పరదాలు ఉండవు కాబట్టి పాత వార్షికోత్సవాల ఫ్లెక్సీలు తిప్పి కట్టేవాళ్లం. ఐరోపా ఖండపు ఘోరాలన్నింటినీ మా పిల్లలు ఒక మాజీ ముఖ్య అతిథి వీపు చాటున కూర్చుని చూశారు.

సినిమాలు ఎందుకంటే, మా పుస్తకంలో ఆ సంగతి ఒక్క వాక్యం. హిట్లర్ కాలంలో అరవై లక్షల మంది యూదులను చంపారు అని ఉంటుంది. పిల్లలు దాని కింద స్కేలు పెట్టి గీత గీస్తారు. గీత వంకర పోతే మాత్రం బాధపడతారు.

నేను తెచ్చిన సినిమాలు పరాయి భాషవి. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తేవి. మా పిల్లలు మొదటి ముక్క చదివేలోపు మనిషి చచ్చిపోయేవాడు. అందుకని తెర పక్కన నిలబడి నేనే తెలుగులో చెప్పేవాణ్ని. ఆడవాళ్లకూ, ముసలివాళ్లకూ, నాజీ అధికారులకూ అందరికీ నా గొంతే. అధికారి "వీళ్లందరినీ బండెక్కించండి" అని నా గొంతుతో అనగానే క్లాసంతా నవ్వింది. హాజరు వేసే గొంతు కదా. ఆ తర్వాత అధికారుల మాటలు చెప్పడం మానేశాను. వాళ్ల మొహాలు చూస్తే చాలు, ఏమంటున్నారో తెలుస్తుంది.

నా కాలంలో ప్రిన్సిపాళ్లు చాలామంది మారారు. అందరూ మంచివాళ్లే, సంతకం అడగనంతవరకు. ఒకాయన సినిమా పెట్టేముందు నన్ను పిలిపించాడు.

"ఇందుల ఎవరి మనోభావాలన్న దెబ్బతింటయా సార్?"

"ఇది మనుషుల్ని చంపే సినిమా సార్."

"అది సరే. మనోభావాలు?"

"మన జిల్లావాళ్లవి లేవు సార్."

"అయితే పెట్టుకోండ్రి."

విజిల్

మొదటిసారి చూపించినప్పుడు జరిగింది చెప్పాలి. తెర మీద నల్ల బూట్లు కనిపించాయి. కెమెరా మెల్లగా పైకి లేచింది. బెల్టు, చేతి గ్లవుజులు, టోపీ, చివరికి మొహం. వెనక బెంచీలోంచి విజిల్ పడింది. దాని వెనక ఇంకో నాలుగు. ఒకడు నోటుబుక్కు కాగితాలు చింపి గాల్లోకి విసిరాడు.

వచ్చినవాడు హీరో కాదు. ఆ ఊళ్లో యూదులను ఏరి బండెక్కించడానికి వచ్చిన అధికారి.

సినిమా ఆపాను. పక్క క్లాసులో ఉన్న ఎకనామిక్స్ మేడం మా తలుపు దగ్గరికొచ్చి, "వాళ్లని సస్పెండ్ చేపియ్యండి సార్, చచ్చినోళ్ల మీద విజిలేంది" అంది. నాకూ కోపమొచ్చింది. కాని కోపం కంటే ముందు ఆశ్చర్యమొచ్చింది. మొదట ఊదినవాణ్ని లేపి అడిగాను.

"ఎందుకురా?"

"ఎంట్రీ అట్లున్నది సార్."

"అంటే?"

"కాళ్ల నుంచి లేపిండు గద సార్. కాళ్ల నుంచి లేపితే హీరోనే ఉంటడు."

వాడు అబద్ధం చెప్పలేదు. చిన్నప్పటి నుంచి చూసిన ప్రతి సినిమా వాడికి అదే నేర్పింది. ఇంతమంది జర్మన్లు ఎట్లా నమ్మారు, చదువుకున్న దేశం కదా అని నేను ఏళ్ల తరబడి నల్లబల్ల మీద రాసి వివరించేవాణ్ని. ఈ పిల్లాడు నాలుగు మాటల్లో తేల్చేశాడు. కాళ్ల నుంచి లేపారు, విజిల్ వేశారు. ఆ రోజు మిగిలిన పీరియడంతా ఆ ఎంట్రీని మళ్లీ మళ్లీ వేసి చూపించాను. మూడోసారికి మ్యూజిక్ తీసేశాను. మ్యూజిక్ లేకపోతే ఆ అధికారి బస్సు దిగి ఆఫీసుకు పోయే గుమాస్తాలా ఉన్నాడు. ఎవరూ విజిల్ వేయలేదు.

కాబట్టి విజిల్ వేసినవాణ్ని బయటికి పంపకండి. ఎందుకు వేశాడో అడగండి.

ఏడుపు గురించి, కిటికీ గురించి

పిల్లలు ఏడిస్తే పాఠం ఎక్కిందనుకోవద్దు. ఒక బ్యాచి మొత్తం వెక్కి వెక్కి ఏడ్చింది. ఆడపిల్లలు చున్నీలు తడిపారు. పది నిమిషాల తర్వాత అందరూ క్యాంటీన్‌లో మిర్చి బజ్జీలు తింటూ కనిపించారు. నేను కూడా తిన్నాను, బాగున్నాయి. ఏడవడం తేలికైన పనే. ఏడుపు అయిపోగానే మన వంతు అయిపోయినట్టు ఉంటుంది. శవాల కుప్పలు చూపించడం నేను అందుకే మానుకున్నాను.

మన సంగతులు వచ్చినప్పుడు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. రజాకార్ల కాలం ఎత్తగానే క్లాసు వేడెక్కుతుంది, ప్రతి పిల్లాడి దగ్గరా వాళ్ల తాత చెప్పిన కథ ఒకటుంటుంది. అప్పుడు ఆ క్లాసులో తల దించుకుని కూర్చున్న ముస్లిం పిల్లాడి వైపు చూడండి. అప్పటికి వాడి తండ్రి కూడా పుట్టలేదు. ఊళ్లను తగలబెట్టింది చెప్పాల్సిందే. ఆ తర్వాత ఏ పాపం తెలియనివాళ్ల మీద తీర్చుకున్న కసి కూడా చెప్పాల్సిందే. సగం చెప్పేదాన్ని ప్రచారం అంటారు. దానికి జీతం ఎక్కువ.

ఇక సినిమా ఎక్కడ ఆపాలన్న సంగతి. సినిమా రెండున్నర గంటలు, పీరియడు యాభై నిమిషాలు. ఒకసారి మనుషులను రైలు డబ్బాలోకి కుక్కి తలుపులు వేస్తుండగా గంట కొట్టారు. రేపు చూద్దాం అన్నాను. మరునాడు ఏదో బంద్. ఆ వెనకే మేడారం జాతర సెలవులు. పాపం ఆ మనుషులు అన్ని రోజులూ ఆ డబ్బాలోనే ఉండిపోయారు. కాలేజీ తెరిచాక ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చే అమ్మాయి ఒకతి అడిగింది.

"వాళ్లు దిగిన్రా సార్?"

"ఇంకా లేదమ్మా."

"జాతర బస్సుల కాలు మోపనీకి జాగ లేకుండె సార్. గప్పుడు వాళ్లు యాదికొచ్చిన్రు. మాకు కిటికీ ఉండె."

ఇంత మంచి వ్యాఖ్యానం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నేను తలపెట్టి చేసింది కాదు, బంద్ పిలుపు ఇచ్చినవాళ్లకూ సమ్మక్క సారలమ్మలకూ దక్కాలి ఆ ఘనత. అప్పటి నుంచి సినిమాను ఒక్క రోజులో పూర్తి చేయలేదు. చివర్లో ఎవరో ఒకరు బతికి బయటపడతారు, పాట వస్తుంది, అందరికీ మనసు తేలికవుతుంది. మనసు తేలిక చేసి పంపడానికి మనకు జీతం ఇవ్వడం లేదు.

దుకాణం

ఇప్పుడు చెప్పబోయేది రిటైరయ్యే ముందు సంవత్సరానిది. నిజానికి ఇది రాయడం కోసమే పైదంతా రాశాను.

ఆ ఏడు సెకండియర్‌లో స్వప్న అనే అమ్మాయి ఉండేది. ములుగు రోడ్డుకు లోపలగా ఉన్న ఒక ఊరు, పేరు రాయను. బాగా చదివేది. దసరా తర్వాత నుంచి రోజూ ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. మోకాళ్ల దాకా దుమ్ము. అడిగితే "బస్సు పోయింది సార్" అనేది. అదే ఊరి నుంచి నవీన్ అనే పిల్లాడు వచ్చేవాడు. వాడు మాత్రం సమయానికే వచ్చేవాడు, ఇస్త్రీ చొక్కాతో. ఒకే ఊరివాళ్లకు రెండు రకాల బస్సులు ఎట్లా ఉంటాయో నాకు తట్టలేదు. చరిత్రవాళ్లం, వందేళ్ల కిందటి సంగతులు త్వరగా గుర్తుపడతాం.

ఆ రోజు సినిమాలో మొదటి భాగం నడుస్తోంది. జర్మనీలో ఒక చిన్న పట్నం. ఒక యూదు ఇల్లాలు రోజూ పోయే కిరాణా దుకాణానికి వచ్చింది. దుకాణదారు ఆమె మొహం చూడకుండా "లేదు" అన్నాడు. వెనక అల్మారాలో సరుకు కనిపిస్తూనే ఉంది. ఆమె ఇంటికి తిరిగిపోయింది. దారిలో ఎదురైన ఇద్దరు పక్కకు తప్పుకున్నారు.

ముందు బెంచీ పిల్లాడు ఆవులించి, "అసలు సినిమా ఎప్పుడు మొదలైతది సార్?" అన్నాడు.

"మొదలయింది కదరా."

"ఇంక ఏం కాలే గద సార్."

ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. దెబ్బలు పడాలి, తుపాకీ పేలాలి, అప్పటిదాకా మన పిల్లలకు అది కథ మొదలు కాకముందరి సరంజామా. నేను జవాబు చెప్పబోతుంటే వెనక నుంచి స్వప్న అంది, "అయ్యింది సార్."

క్లాసు ఆమె వైపు తిరిగింది. లైట్లు వేశాను.

"ఆ దుకాణదారు చేసింది తప్పా?" అని అందరినీ అడిగాను. ఇది నేను ప్రతి ఏడూ అడిగే ప్రశ్నే. ఎప్పటిలాగే సగం మంది తప్పే అన్నారు, అనాల్సిన జవాబు అదే కాబట్టి. నవీన్ లేచాడు.

"తప్పేమున్నది సార్? ఆయన ఇచ్చిండనుకో, రేపు ఆయన దుకాణం గూడ బంద్ వెడ్తరు. ఆయనకు పెండ్లాం పిల్లలు లేరా? ఇయ్యద్దని ఆయనకేం సరదా?"

"మంచి పాయింటే," అన్నాను. నిజంగానే మంచి పాయింటు.

"ఇయ్యకపోతే పోనీ సార్," అంది స్వప్న. కూర్చునే అంది, నా వైపు చూస్తూ. "ఆ సినిమలాయన నయం. లేదు అని నోటితోటన్న అన్నడు. మా అమ్మ పోయి, అన్నా, ఒక పాల పాకిట్ ఇయ్యే అంటే, టీవీ దిక్కు చూసుకుంట కూసున్నడు. మా అమ్మ ఆడ్నే నిలవడ్డది. మళ్ల అడిగింది. లేదని గూడ అనలే."

పైన ఫ్యాన్ ఎప్పటిలా మూలిగింది.

"ఎవరమ్మా?" అన్నాను.

నవీన్ ఇంకా నిలబడే ఉన్నాడు. బెంచీ అంచు పట్టుకుని అన్నాడు, "మా నాయిన సార్. ఆ దుకాణం మాదే."

సంగతి ఇది. స్వప్న వాళ్ల నాయన పొలానికి పోయే బాట విషయంలో ఊరి కమిటీ ఒక తీర్పు చెప్పింది. ఈ కమిటీ ఊరి పెద్దలు తమకు తామే పెట్టుకున్నది. చట్టంలో దానికి చోటు లేదు, ఊళ్లో దానికి ఎదురు లేదు. ఆయన ఆ తీర్పు కాదని పోలీస్ స్టేషన్‌కు పోయాడు. మరునాడు ఊరి వాట్సాప్ గ్రూపులో ఆ ఇంటితో ఎవరూ మాట్లాడొద్దని పెట్టారు. వెనకట డప్పు కొట్టి చాటేవాళ్లు, ఇప్పుడు డప్పు కొట్టేవాళ్ల పని కూడా పోయింది. మాట్లాడినవాళ్లకూ అదే శిక్ష. మాట్లాడకూడదు అంటే, లేదు అని చెప్పడం కూడా మాట్లాడటమే. అందుకే దుకాణదారు టీవీ చూశాడు. ఊరి నుంచి పెద్ద రోడ్డుకు ఉన్న ఒక్క ఆటో స్వప్నను ఎక్కించుకోదు. పొద్దున్నే ఒక్కతే కాలువ కట్ట మీద నడిచి బస్సు అందుకుంటోంది. రోజూ ఒక్కతే పోతుంటే ఇంట్లో భయం. "పరీక్షలప్పుడు గిట్లనే ఉంటే చదువు బంద్ వెట్టుమంటాండు సార్ మా నాయిన," అంది.

నవీన్, స్వప్న అంగన్‌వాడీ నుంచి ఒకే బడి. నవీన్ వాళ్ల నాయనను ఆమె మామా అనే పిలిచేది. దసరా తర్వాత ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదట, మా క్లాసులో కూడా. ఊరు దాటి ఇంత దూరం వచ్చినా. నేను చూస్తూనే ఉన్నాను. మౌనంగా ఉండే విద్యార్థులంటే లెక్చరర్లకు ఇష్టం కాబట్టి ఏమీ అనుమానం రాలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదీ అదీ ఒకటే అని క్లాసులో అనకండి. లక్షల మందిని గ్యాసు గదుల్లోకి తోలడం, ఒక ఇంటికి పాలు అమ్మకపోవడం ఒకటి కాదు. ఒకటే అంటే చచ్చినవాళ్లకు అన్యాయం, స్వప్నకూ సాయం కాదు. ఆ రోజు ఒక పిల్లాడు ఉత్సాహంగా "అయితే మీ ఊరోళ్లు నాజీలా?" అన్నాడు. నవీన్ మొహం మాడిపోయింది. "కాదు," అన్నాను. "నాజీలు ఎక్కడి నుంచో ఊడిపడ్డ మనుషులు కాదు కాబట్టి, ఆ ప్రశ్న నువ్వు నన్ను అడగొద్దు. వాళ్ల ఊళ్లో ఉంటే నువ్వు ఏం చేసేవాడివో చెప్పు." వాడు కూర్చున్నాడు. నన్ను కూడా ఎవరైనా అదే అడుగుతారేమోనని నేను గబగబా హాజరు వేశాను.

పెద్దమనుషుల పర్యటన

ప్రిన్సిపాల్‌తో చెప్పాను. అంతా విని, "సార్, మీరు జర్మనీ వరకు చెప్పుండ్రి, చాలు," అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన కాలేజీని కాపాడుకుంటున్నాడు, దుకాణదారు దుకాణాన్ని కాపాడుకున్నట్టే.

ఆ మండలంలో పెద్ద ఉద్యోగంలో నా పాత విద్యార్థి ఒకడున్నాడు. ఫోన్ చేశాను. స్వప్నను అడగకుండానే చేశాను, అది గమనించండి. పాపం వెంటనే జీపు వేసుకుని పోయాడు. కమిటీవాళ్లు కుర్చీ వేసి, చల్లటి మజ్జిగ ఇచ్చి, చాలా మర్యాదగా చెప్పారట, "అట్లాంటిదేం లేదు సార్. ఎవరి పనుల వాళ్లున్నం. ఫలానాయనతోటి మాట్లాడాలెనని చట్టమున్నదా?" ఆయన దగ్గర అట్లాంటి చట్టం లేదు. మజ్జిగ తాగి వచ్చాడు. మరునాటి నుంచి ఊరి బడి దగ్గర కొళాయికి కూడా స్వప్న వాళ్ల అమ్మను రానివ్వలేదు.

"సార్, మీరు మంచికే చెప్పిన్రు," అంది స్వప్న. "మళ్ల చెప్పకుండ్రి."

సాయం చేసే ముందు అడగాలని బీఈడీలో చెప్పరు. డిగ్రీ లెక్చరర్లకు బీఈడీ కూడా ఉండదు.

సినిమా మిగతా సగం ఆ క్లాసుకు చూపించలేదు. ఎవరూ అడగలేదు కూడా. నవీన్ రెండు మూడు రోజులు రాలేదు. వచ్చాక బెంచీ మారాడు, గోడ వైపుకు. వాడితో మాట్లాడదామని ఒకసారి మెట్ల దగ్గర ఆపాను.

"మా నాయినను అందరి ముందట అట్ల చేసిన్రు సార్ మీరు," అన్నాడు.

"నేను చేశానా?"

"నేనే చేసిన," అన్నాడు. "మా నాయిన రాత్రి సరిగ తింటలేడు సార్. ఆమె పాలకొచ్చిన నాటి సంది. నాకు తెల్వదా?"

"పరీక్షలు బాగా రాయి" అన్నాను. ఏం చెప్పాలో తెలియనప్పుడు లెక్చరర్లందరం చెప్పేది అదే.

హిస్టరీ పేపర్ రోజు

పరీక్ష తొమ్మిదిన్నరకు. అరగంట వరకు ఆలస్యాన్ని ఒప్పుకుంటారు. ఆ రోజు నాకు గేటు దగ్గర డ్యూటీ. తొమ్మిదిన్నరయింది. స్వప్న రాలేదు. చదువు మానిపించారని అనుకున్నాను. నవీన్ కూడా రాలేదు, అది నాకు అర్థం కాలేదు. వాడికి ఆటో ఉంది కదా. పది దగ్గరపడుతుంటే చీఫ్ సూపరింటెండెంట్ రెండుసార్లు వచ్చి గేటు మూయమన్నాడు. గడియారం ముందుందని చెప్పాను. ప్రభుత్వ గడియారం మీద అనుమానం పెట్టుకోవడం ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి.

పది అవుతుండగా ఇద్దరూ రోడ్డు మలుపులో కనిపించారు. పరుగెత్తుకుంటూ వస్తున్నారు. ఇద్దరికీ మోకాళ్ల దాకా దుమ్ము. నవీన్ ఇస్త్రీ చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"ఏమైందిరా?"

"ఆటోల నుంచి దింపిండు సార్."

"నిన్నా? ఎందుకు?"

నవీన్ ఊపిరి తీసుకుంటూ నేల చూశాడు. స్వప్నే చెప్పింది. పరీక్ష కదా అని ఆ పొద్దున వాళ్ల నాయన ఆటో ముందర చేతులు జోడించి నిలబడ్డాడట. డ్రైవర్ ఎటూ చెప్పలేదు, చెప్పకూడదు కదా. ఆటో నిండా ఊరివాళ్లు. ఆమె ధైర్యం చేసి ఎక్కబోయింది. సీటు అంచున నవీన్ ఉన్నాడు.

"నేను జరుగు అన్న సార్, పక్కామెను," అన్నాడు నవీన్. "ఈమెకు, కూసో అన్న. గంతే."

"అంతే అన్నావా?"

"గంతే సార్. బండి బంద్ చేసి ఇద్దర్ని దిగుమన్నడు. సాయంత్రం వరకు మా దుకాణం సంగతి గూడ గ్రూపుల వెడ్తరు గావచ్చు."

"మీ నాయన?"

"దుకాణం కాడ నిలవడి చూస్తాండు సార్. ఏమనలే." జేబులోంచి హాల్ టికెట్ తీస్తూ, "ఈసారి టీవీ దిక్కు చూడలే," అన్నాడు.

హాల్ టికెట్లు చూశాను. ఇద్దరివీ చెమటకు తడిసి ఉన్నాయి. స్వప్న నెంబరు కింద గదిలో, నవీన్‌ది మేడ మీద. అన్ని నెలల తర్వాత కాలువ కట్ట మీద అంత దూరం కలిసి వచ్చారు. ఉండబట్టలేక అడిగాను.

"దారంతా ఏం మాట్లాడుకున్నారు?"

"ఇంపార్టెంట్ క్వశ్చన్లు సార్," అంది స్వప్న, నుదురు తుడుచుకుంటూ. "వీనికి ఒక్కటి రాదు."